బ్యాలెట్ మీద పన్ను ప్రశ్న: ‘యస్’ గడి నింపే ముందు చూసుకోవాల్సినవి

అమెరికా సిటిజన్‌షిప్ వచ్చాక నా పేరు మీద వచ్చిన మొదటి బ్యాలెట్‌ని డైనింగ్ టేబుల్ మీద పరుచుకుని కూర్చున్నాను. ప్రెసిడెంట్ గడి అర నిమిషంలో నింపేశాను. గంటసేపు ఇరుక్కుపోయింది వెనక పేజీలోని మెజర్ల దగ్గర, అంటే జనం ఓటుకి పెట్టే ప్రతిపాదనల దగ్గర. ఒక్కోదానికి ఒక ఇంగ్లీషు అక్షరం పేరు, కింద ఊపిరాడనంత పొడుగు వాక్యం ఒకటి, చివర్న ప్రశ్నార్థకం. పార్కులు, లైబ్రరీలు, ఫైర్ స్టేషన్లు, పిల్లల ఆరోగ్యం... అన్నీ మంచి మాటలే. కాదనడానికి చెయ్యి రాదు. అవుననాలంటే ఎంత కట్టాలో అర్థం కాదు.

పక్కనే కూర్చున్న మా మావయ్యగారు “ఏంటి బాబూ అంతసేపు?” అన్నారు. పన్ను వెయ్యమంటారా వద్దా అని మమ్మల్నే అడుగుతున్నారండీ అంటే ఆయన నమ్మలేదు. “కట్టేవాణ్ణి అడిగితే వెయ్యమని ఎవడంటాడు?” అన్నారు.

అంటారు. చాలాసార్లే అన్నారు. మన దగ్గర ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు అని రూపాయికి 8 పైసలు కడతాం. దానికి ఎవరూ మన ఓటు అడగలేదు. చట్టం చేశారు, కడుతున్నాం. ఇక్కడ కాలిఫోర్నియాలో శాంటా క్లారా కౌంటీ లైబ్రరీ డిస్ట్రిక్ట్‌లో, అంటే కూపర్టినో, మిల్పీటస్, సారటోగా లాంటి ఊళ్ళలో, ఇంటికి ఏడాదికి 33 డాలర్ల 66 సెంట్లు వసూలు చేయడానికి 2013 ఆగస్టులో పోస్టులో ఓటింగు పెట్టారు. మూడింట రెండొంతుల మంది ఒప్పుకుంటేనే పన్ను. ఒప్పుకున్నారు, 20 ఏళ్ళకి.

ఆ తర్వాత వచ్చిన ప్రతి బ్యాలెట్‌తోనూ కుస్తీ పట్టగా నాకు అర్థమైంది ఒకటే. మెజర్‌లో ఏం రాశారన్నది తర్వాత. అది గెలవడానికి ఎంత శాతం ఓటు కావాలో ముందు చూడాలి. అందులో ఇచ్చిన మాటకి చట్టం దగ్గర ఎంత బలం ఉందో ఆ శాతమే చెప్పేస్తుంది. ఎలాగో నాలుగో మెట్టులో చెప్తాను. ఇది ముఖ్యంగా కాలిఫోర్నియాలో ఉన్నవాళ్ళకి. టెక్సస్, వాషింగ్టన్, ఒహాయో వాళ్ళకి చివర్లో కొంచెం ఉంది.

1. ముందు, మీకు ఓటు ఉందా?

సిటిజన్లకే ఉంది. గ్రీన్ కార్డు వచ్చి ఎన్నేళ్ళయినా, సొంతిల్లు కొని ఏటా వేల డాలర్లు ప్రాపర్టీ టాక్స్ కడుతున్నా, లేదు. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. డీఎంవీలో లైసెన్సు పని మీద వెళ్తే ఓటరు రిజిస్ట్రేషన్ ప్రశ్న కూడా వస్తుంది. హడావిడిలో ‘సిటిజన్’ అని నొక్కేస్తే ఆ ఒక్క నొక్కుడు మీ ఇమిగ్రేషన్ ఫైల్లో ముల్లై కూర్చుంటుంది. నిజంగా ఓటే వేసేస్తే దేశం నుంచి పంపించేసే దాకా వెళ్ళొచ్చు. పొరపాటున మీ పేరుతో బ్యాలెట్ వచ్చిందా, దాన్ని వాడకండి. ముందు ఇమిగ్రేషన్ లాయరుతో మాట్లాడండి.

ఓటు లేకపోయినా నోరు ఉంది. సిటీ కౌన్సిల్ మీటింగులో, స్కూల్ బోర్డు మీటింగులో రెండు మూడు నిమిషాలు ఎవరైనా మాట్లాడొచ్చు, ఎవరూ వీసా అడగరు. డబ్బు దగ్గర మాత్రం జాగ్రత్త. హెచ్1బీ లాంటి వీసా మీద ఉన్నవాళ్ళు మెజర్ ప్రచారానికి విరాళాల జోలికి వెళ్ళొద్దు. మన వాట్సాప్ గ్రూపుల్లో ‘తలా యాభై డాలర్లు వేద్దాం’ అని మొదలైనప్పుడు ఈ సంగతి ఎవరికీ గుర్తుండదు.

సిటిజన్లయితే ఎన్నికకి 15 రోజుల ముందు దాకా మామూలుగా రిజిస్టర్ చేసుకోవచ్చు. ఆ గడువు దాటితే స్వయంగా వెళ్ళి అక్కడికక్కడే రిజిస్టర్ చేసుకుని ఓటేసే వీలుంది. రిజిస్టరైన ప్రతి ఒక్కరికీ బ్యాలెట్ ఇంటికే వస్తుంది, దాదాపు నెల ముందు.

పెద్దవాళ్ళకి సిటిజన్‌షిప్ ఉండి ఇంగ్లీషు ఇబ్బందైతే, శాంటా క్లారా కౌంటీలో తెలుగు నమూనా బ్యాలెట్ కూడా ఇస్తారు. దాన్ని చూసుకుని ఇంగ్లీషు బ్యాలెట్ మీద ఓటెయ్యాలి. మీ కౌంటీలో ఉందో లేదో ఎన్నికలు చూసే రిజిస్ట్రార్ ఆఫీసుకి ఫోన్ చేస్తే చెప్తారు. ఓటింగ్ సెంటర్‌కి సాయంగా మనిషిని తీసుకెళ్ళే హక్కు కూడా ఉంది. ఆ మనిషి యజమానో, యూనియన్ తరఫు మనిషో కాకూడదు, అంతే.

2. బ్యాలెట్ పక్కన మీ ప్రాపర్టీ టాక్స్ బిల్లు పెట్టుకోండి

ఇప్పటికే ఏం కడుతున్నామో తెలియకుండా కొత్తది కట్టాలా వద్దా అని తేల్చలేం. బిల్లు అక్టోబరులో వస్తుంది. చాలామంది మొత్తం చూసి, నిట్టూర్చి, డిసెంబరు 10 లోపు కట్టేసి పక్కన పడేస్తారు. ఈసారి మొత్తం వదిలేసి గీత గీతా చదవండి.

మొదటి గీత 1 శాతం. ఇది 1978లో వచ్చిన ప్రాప్ 13 పుణ్యం (ప్రాప్ అంటే ప్రపొజిషన్, రాష్ట్రమంతా ఓటేసే ప్రతిపాదన). ఇంటి విలువలో 1 శాతానికి మించి మామూలు ప్రాపర్టీ టాక్స్ వెయ్యకూడదు, ఆ విలువ కూడా ఏడాదికి 2 శాతానికి మించి పెంచకూడదు. దాని కింద 0.0 తో మొదలయ్యే చిన్న చిన్న రేట్లు వరసగా ఉంటాయి. అవి ఓటర్లు ఒప్పుకున్న బాండ్ల అప్పులు: స్కూల్ డిస్ట్రిక్ట్‌ది, కమ్యూనిటీ కాలేజీది, కౌంటీ హౌసింగ్ బాండ్‌ది. ఇంకా కిందకి వెళ్తే రేటు లేకుండా నేరుగా డాలర్లలో ఉన్న గీతలు కనిపిస్తాయి. అవే పార్సెల్ టాక్సులు, అసెస్‌మెంట్లు. ఒక్కోదాని పక్కన ఫోన్ నంబరు ఉంటుంది. లైబ్రరీ 33.66 ఈ వరసలోదే. బే చుట్టూ చిత్తడి నేలల కోసం 2016లో తొమ్మిది కౌంటీల ఓటర్లు ఒప్పుకున్న 12 డాలర్లు కూడా ఇక్కడే ఉంటాయి.

నా బిల్లులో ఈ చిన్న గీతలన్నీ కూడి చూసినప్పుడు ఆశ్చర్యపోయాను. ఒక్కోటి కాఫీ ఖర్చే. కాకపోతే కాఫీలు చాలా ఉన్నాయి.

3. ఇది ఏ రకం పన్ను?

బాండ్ అంటే అప్పు. ఊరు ఇప్పుడు డబ్బు తెచ్చుకుని కట్టడాలు కడుతుంది, మనం పాతిక ముప్ఫై ఏళ్ళు ప్రాపర్టీ టాక్స్ బిల్లులో తీరుస్తాం. పార్సెల్ టాక్స్ అంటే ఇంటి విలువతో పని లేకుండా ఒక్కో స్థలానికి ఇంత అని వేసేది. కొన్ని చోట్ల చదరపు అడుగుల లెక్కన కూడా వేస్తారు. సేల్స్ టాక్స్ తెలిసిందే. ఇవి కాక కరెంటు, ఫోను బిల్లుల మీద వేసేవి, హోటల్ గదుల మీద వేసేవి, ఇల్లు అమ్మినప్పుడు వేసేవి ఉన్నాయి.

అద్దెకుంటున్నాం కాబట్టి మనకేం సంబంధం అనుకోవద్దు. సేల్స్ టాక్స్ మనమూ కడతాం. దాని బిల్లు ఇంటికి రాదు కాబట్టి మొత్తం ఎప్పటికీ కంటికి కనిపించదు, అంతే తేడా.

4. ఎన్ని ఓట్లు కావాలి? అసలు సంగతి ఇక్కడే ఉంది

కాలిఫోర్నియా రాజ్యాంగం స్థానిక పన్నుల్ని రెండుగా చీల్చింది. డబ్బు ఫలానా పనికే వాడతాం అని చట్టంలో కట్టుబడితే అది స్పెషల్ టాక్స్. దానికి మూడింట రెండొంతుల ఓట్లు కావాలి. ఏ పనికైనా వాడుకుంటాం అంటే అది జనరల్ టాక్స్. సగానికి ఒక్క ఓటు ఎక్కువ వస్తే చాలు. 1996లో వచ్చిన ప్రాప్ 218 ఈ తేడాని గట్టిగా బిగించింది.

ఇప్పుడు మీరు కౌంటీ వైపు నుంచి ఆలోచించండి. ఆసుపత్రికే ఖర్చు పెడతాం అని రాసిస్తే 66.67 శాతం తెచ్చుకోవాలి. రాసివ్వకుండా, ఆసుపత్రుల కోసమే అని నోటితో చెప్తే 50 శాతం దాటితే చాలు. ఏం చేస్తారు?

2025 నవంబరు 4న శాంటా క్లారా కౌంటీలో వచ్చిన మెజర్ ఎ అచ్చంగా ఇదే. ఆ ఏడాది జూలైలో ఫెడరల్ ప్రభుత్వం చేసిన చట్టంతో మెడికెయిడ్ నిధులకి కోత పడింది. కాలిఫోర్నియాలో దాన్నే మెడి-కాల్ అంటారు. కౌంటీ సొంతంగా నాలుగు ఆసుపత్రులు నడుపుతోంది: వ్యాలీ మెడికల్ సెంటర్, ఓకానర్, గిల్‌రాయ్‌లోని సెయింట్ లూయీస్, కొత్తగా కొన్న రీజినల్ మెడికల్ సెంటర్. ఆ లోటు కొంత పూడ్చడానికి డాలరుకి ఎనిమిదింట ఐదు వంతుల సెంటు సేల్స్ టాక్స్, ఐదేళ్ళపాటు, అన్నారు. ఏడాదికి 33 కోట్ల డాలర్ల దాకా వస్తుందని అంచనా. దాన్ని జనరల్ టాక్స్‌గా పెట్టారు. 57 శాతం దాకా వచ్చి గెలిచింది. స్పెషల్ టాక్స్‌గా పెట్టి ఉంటే అదే 57తో ఓడిపోయేది.

దీన్ని మోసం అనను. చట్టం ఇచ్చిన దారే అది. కౌంటీని నడపడానికి ఓటర్లు ఎన్నుకున్న ఐదుగురు సూపర్‌వైజర్లు జనం మధ్య తిరగాల్సిన వాళ్ళు, మాట తప్పితే తర్వాతి ఎన్నికలో ఓటర్లు అడుగుతారు. కానీ ‘ఆసుపత్రుల పన్ను’కి ఓటేశాను అనుకోవడం వేరు, ‘ఆసుపత్రులకి పెడతామని చెప్పినవాళ్ళని నమ్మి జనరల్ ఫండ్‌కి ఓటేశాను’ అని తెలిసి ఓటెయ్యడం వేరు.

మాట ఎలా పక్కకి జరుగుతుందో చూడాలంటే శాన్ హోసే మెజర్ ఇ చూడండి. 2020 మార్చిలో, 20 లక్షల డాలర్లు, ఆపైన పలికే ఆస్తుల అమ్మకాల మీద వేసిన పన్ను. ప్రచారం అంతా తక్కువ ఆదాయం వాళ్ళకి ఇళ్ళు అని సాగింది. బ్యాలెట్ మీద మాత్రం జనరల్ టాక్స్. తర్వాతి బడ్జెట్లలో ఆ డబ్బులో పెద్ద వాటా కొత్త ఇళ్ళు కట్టడం నుంచి నిరాశ్రయుల తాత్కాలిక షెల్టర్ల వైపు మళ్ళింది. అది మంచి నిర్ణయమా కాదా అని ఊరంతా వాదించుకున్నారు. ఎవరూ కోర్టుకెళ్ళి ‘మీరు రాసిచ్చారు’ అనలేరు, ఎందుకంటే రాసివ్వలేదు.

కొన్నిసార్లు జనరల్ టాక్స్ పక్కనే ఇంకో మెజర్ పెడతారు: ‘పై పన్ను పాసైతే డబ్బు పార్కులకి వాడమంటారా?’ అని. దాన్ని అడ్వైజరీ మెజర్ అంటారు. పేరులోనే ఉంది, అది సలహా మాత్రమే.

స్కూళ్ళది మధ్యే మార్గం. 2000లో వచ్చిన ప్రాప్ 39 ప్రకారం స్కూల్ బాండ్‌కి 55 శాతం చాలు. బదులుగా ప్రాజెక్టుల జాబితా ముందే ఇవ్వాలి, ఏటా ఆడిట్ చేయించాలి, పౌరుల పర్యవేక్షణ కమిటీ వెయ్యాలి, టీచర్ల జీతాలకి ఒక్క డాలరు వాడకూడదు. టీచర్ల కోసం డబ్బు కావాలంటే మామూలుగా పార్సెల్ టాక్స్‌కి వెళ్ళాలి, దానికి మళ్ళీ 66.67. గోడ కట్టడం కంటే గురువుని నిలబెట్టుకోవడం కష్టమన్నమాట. ఇళ్ళు, రోడ్ల లాంటి వాటి బాండ్లకి కూడా 55 శాతం చాలని 2024 నవంబరులో ప్రాప్ 5 పెట్టారు. రాష్ట్రం ఒప్పుకోలేదు.

ఇంకో పక్కదారి ఉంది. 2017లో అప్‌లాండ్ అనే ఊరి కేసులో రాష్ట్ర సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఆధారంగా, కౌన్సిల్ కాకుండా పౌరులే సంతకాలు సేకరించి పెట్టిన స్పెషల్ టాక్స్‌కి సగం పైచిలుకు చాలని కింది అప్పీలు కోర్టులు చెప్తూ వచ్చాయి. అందుకే సేఫ్‌వే సూపర్‌మార్కెట్ బయట క్లిప్‌బోర్డు పట్టుకుని ఎవరైనా నిలబడితే సంతకం పెట్టే ముందు రెండు నిమిషాలు చదవండి. ఆ సంతకాలే గెలుపు గీతని 66 నుంచి 50కి దించుతాయి.

5. ఆ డెబ్బై ఐదు మాటలు చదివే పద్ధతి

బ్యాలెట్ మీద వచ్చే ప్రశ్న 75 మాటలు దాటకూడదు. ఆ ప్రశ్నలోనే రేటు ఎంత, ఏడాదికి ఎంత వస్తుంది, ఎన్నాళ్ళు అన్నది ఉండి తీరాలని చట్టం. మంచి మాటలన్నీ ముందు వస్తాయి, ఈ మూడూ తోకలో ఉంటాయి. నేను వెనక నుంచి ముందుకి చదువుతాను.

‘అంటిల్ ఎండెడ్ బై ఓటర్స్’ అని కనిపిస్తే గడువు లేదని అర్థం. మళ్ళీ ఎవరో ఒకరు రద్దు మెజర్ పెట్టి గెలిచేదాకా కడుతూనే ఉంటాం. మా వైపు కొండలు, ఖాళీ నేలలు కాపాడే ఓపెన్ స్పేస్ అథారిటీ పార్సెల్ టాక్స్ చూడండి. 2014లో మెజర్ క్యూ: ఏడాదికి 24 డాలర్లు, 15 ఏళ్ళు. మూడింట రెండొంతుల గీతని కాస్తలో దాటింది. 2020లో మెజర్ టి: అదే 24 డాలర్లు, గడువు తీసేశారు. ఈసారి 80 శాతం పైనే వచ్చింది. మొత్తం మారలేదు కదా అని చాలామంది కన్ను ఆ తోక దాకా వెళ్ళి ఉండదని నా అనుమానం. కొండలు కాపాడటం నాకూ ఇష్టమే. నేను అంటున్నది చదవడం గురించి.

‘జనరల్ గవర్నమెంటల్ పర్పసెస్’, లేదా ‘సచ్ యాజ్’ అని చెప్పి వరసగా పార్కులు, పోలీసులు, గుంతలు పూడ్చడం: ఇది జనరల్ టాక్స్. ఆ వరస ఉదాహరణలే కానీ హామీ కాదు.

‘వితౌట్ రైజింగ్ టాక్స్ రేట్స్’ అని బాండ్ మీద ఉంటే, పాత బాండ్ తీరిపోయి తగ్గాల్సిన రేటుని తగ్గనివ్వకుండా కొత్త అప్పుతో అక్కడే నిలబెడతారని అర్థం. రేటు పెరగదు, నిజమే. తగ్గదు కూడా.

ద్రవ్యోల్బణంతో పాటు పెంచుకోవచ్చన్న మాట ఒక్కోసారి బ్యాలెట్‌లో ఒక చిన్న పదంగా దూరుతుంది. పార్సెల్ టాక్స్‌లో అది ఉందో లేదో చూడండి. ‘ఇండిపెండెంట్ ఓవర్‌సైట్’ ఉందంటే బావుంటుంది కానీ, ఆ కమిటీ చూసి చెప్పగలదు, చెక్కు ఆపలేదు.

6. మీ ఇంటి లెక్క మీరే వేసుకోండి

సేల్స్ టాక్స్ సులువు. మెజర్ ఎ 0.625 శాతం. నెలకి 1,500 డాలర్లు పన్ను పడే వస్తువులు కొనే ఇల్లైతే నెలకి తొమ్మిది డాలర్ల పైచిలుకు, ఏడాదికి 112. ఆ ఐదేళ్ళలో 40,000 డాలర్ల కారు కొంటే దాని మీద ఇంకో 250. కారు పక్క కౌంటీలో కొని తప్పించుకుందాం అనుకోకండి, కారు మీద పన్ను మీరు రిజిస్టర్ చేసే అడ్రసుని బట్టి పడుతుంది. ఇండియన్ స్టోర్లో కొనే బియ్యం, పప్పులు, కూరగాయల మీద సేల్స్ టాక్స్ లేదు. హోటల్లో కూర్చుని తినే దోసె మీద ఉంది.

బాండ్ లెక్కలో మనవాళ్ళు ఎక్కువగా పొరబడతారు. రేటు అసెస్డ్ వాల్యూ మీద, అంటే బిల్లులో ఉన్న విలువ మీద. ఇంటర్నెట్‌లో చూపించే మార్కెట్ ధర మీద కాదు. లక్షకి 30 డాలర్ల బాండ్ అనుకుందాం. మీరు మొన్నీమధ్య 16 లక్షలకి కొన్నారు: ఏడాదికి 480. పక్కింటి పెద్దాయన 1980ల్లో కొన్న అలాంటి ఇంటికే ప్రాప్ 13 వల్ల విలువ 3 లక్షల దగ్గర ఉంటే ఆయనకి 90. ఒకే స్కూలు, ఒకే వీధి. కొత్తగా కొన్నవాళ్ళలో మనవాళ్ళు ఎక్కువ కాబట్టి బాండ్ భారం మన వైపు కాస్త ఎక్కువే వాలుతుంది. అదే పార్సెల్ టాక్స్ అయితే ఇద్దరికీ ఒకటే. అయితే అక్కడ ఇరుకు ఇంటికీ, కొండ మీది బంగళాకీ కూడా ఒకటే.

స్కూల్ పార్సెల్ టాక్సులకి 65 దాటిన ఇంటి యజమానులకి చాలా డిస్ట్రిక్టులు మినహాయింపు ఇస్తాయి. అడిగితేనే ఇస్తాయి. ఫారం నింపాలి, గడువు ఉంటుంది. ఇంటి కాగితాల మీద ఆ పెద్దవాళ్ళ పేరు ఉండాలి. అమ్మానాన్నలు మనతో ఉంటున్నారు కదా అంటే సాధారణంగా చెల్లదు.

7. ఓటరు గైడు పుస్తకంలో రెండు పేజీలు

అంత లావు పుస్తకం ఎవరు చదువుతారు? నేనూ చదవను. రెండే పేజీలు చూస్తాను.

ఒకటి ఇంపార్షియల్ అనాలిసిస్. సిటీ లేదా కౌంటీ లాయరు రాస్తారు. ఉప్పూకారం లేకుండా ఉంటుంది, అందుకే పనికొస్తుంది. జనరలా స్పెషలా, ఎంత శాతం కావాలి, ఎప్పుడు ముగుస్తుంది అన్నీ అందులో ఉంటాయి.

రెండోది బాండ్లకి మాత్రమే ఉండే టాక్స్ రేట్ స్టేట్‌మెంట్. సగటు రేటు, అత్యధిక రేటు, అసలూ వడ్డీ కలిపి మొత్తం ఎంత తీరుస్తాం అన్నది ఇక్కడ రాయాలి. ప్రచారం కరపత్రాల్లో అసలు మాత్రమే కనిపిస్తుంది. ఈ గీత ఎందుకు చూడాలో శాన్ డియేగో వైపు పోవే స్కూల్ డిస్ట్రిక్ట్ చూపించింది. 2011లో పదిన్నర కోట్ల డాలర్లు అప్పు చేసింది, ఏళ్ళ తరబడి ఏమీ కట్టనక్కర్లేని రకం. తీరే సరికి దాదాపు వంద కోట్లు. ఆ గొడవ తర్వాత 2013లో రాష్ట్రం చట్టం చేసి, తీర్చేది అసలుకి నాలుగింతలు దాటకూడదని గీత గీసింది.

అనుకూల, వ్యతిరేక వాదనలు చదవడానికి బావుంటాయి, 300 మాటలకి మించవు. వాదన కంటే కింద సంతకాలు ఎవరివో చూడండి. వ్యతిరేక వాదన ఎవరూ రాయకపోతే ఆ చోటు ఖాళీగా ఉంటుంది. మీరే రాయొచ్చు. ఎన్నికకి కనీసం 88 రోజుల ముందు కౌన్సిల్ మెజర్ ఖరారు చేయాలి, ఆ తర్వాత వాదనలకి ఇచ్చే గడువు చాలా తక్కువ. కాబట్టి నవంబరు ఎన్నికైతే ఆగస్టు మొదట్లోనే కౌన్సిల్ అజెండా మీద ఒక కన్ను వేసి ఉంచాలి.

మెయిల్లో వచ్చే రంగుల కార్డుల్లో రెండు రకాలు. సిటీయే పంపే ‘సమాచారం’ కార్డు: ప్రజాధనంతో యస్ వెయ్యండి అని చెప్పకూడదు కాబట్టి చెప్పదు, కానీ ఫొటోలు మాత్రం నవ్వుతూనే ఉంటాయి. రెండోది ప్రచార కమిటీది. అడుగున సన్న అక్షరాల్లో డబ్బు ఎవరు పెట్టారో ఉంటుంది. పూర్తి జాబితా ఫారం 460 అనే రిపోర్టులో, సిటీ క్లర్కు లేదా కౌంటీ వెబ్‌సైట్లో దొరుకుతుంది. పెద్ద చందాలు ఇచ్చినవాళ్ళ పేర్లు చూస్తే, ఆ డబ్బు వచ్చాక పని ఎవరికి దొరికే వీలుందో ఊహించుకోవచ్చు. అది నేరమేమీ కాదు, తెలిసుండాలి.

8. గడి నింపి, కవరు మీద సంతకం

సంతకం సంగతి మా ఇంట్లో జరిగింది చెప్తాను. మా అమ్మ సిటిజన్ అయినప్పుడు రిజిస్ట్రేషన్ ఫారం మీద తనకి అలవాటైన తెలుగు సంతకం పెట్టింది. బ్యాలెట్ కవరు మీద మాత్రం, ఇంగ్లీషు వాళ్ళకి అర్థం కావాలని, కూడబలుక్కుని ఇంగ్లీషులో పెట్టింది. పది రోజులకి సంతకం కలవలేదని కౌంటీ నుంచి ఉత్తరం. అమ్మకి ఒకటే టెన్షన్, ఏదో తప్పు చేశానని. తప్పేం కాదు, ఉత్తరంతో వచ్చిన ఫారం మీద సంతకం పెట్టి తిప్పి పంపితే ఓటు లెక్కలోకి వచ్చింది. రిజిస్ట్రేషన్‌లో ఎలా పెట్టారో కవరు మీదా అలాగే పెట్టండి, తెలుగైనా సరే.

మర్చిపోయి ఒకరి కవర్లో ఒకరి బ్యాలెట్ పెట్టడం ఇంకో మామూలు పొరపాటు. భార్యాభర్తలు ఒకే టేబుల్ దగ్గర కూర్చుంటే ఇది జరిగి తీరుతుంది. ఆఖరి రోజున పోస్టు డబ్బాలో వెయ్యొద్దు. కౌంటీ పెట్టిన డ్రాప్ బాక్సులో వేసి, ‘వేర్స్ మై బ్యాలెట్’లో నమోదు చేసుకుంటే చేరిందో లేదో ఫోనుకి మెసేజ్ వస్తుంది. అన్ని మెజర్లకీ ఓటెయ్యాలని లేదు. తేలనిది ఖాళీగా వదిలేసినా మిగతావి లెక్కపెడతారు.

9. కాలిఫోర్నియా బయట ఉంటే

టెక్సస్‌లో స్కూల్ పన్ను రెండు జేబులు. టీచర్ల జీతాలు, కరెంటు బిల్లులు ఒక జేబులోంచి, కట్టడాల అప్పు ఇంకో జేబులోంచి. మొదటిది ఒక హద్దు దాటి పెంచాలంటే వాట్రీ అనే ఎన్నిక, రెండోదానికి బాండ్ ఎన్నిక. కట్టడాల జేబులోని డబ్బు జీతాలకి పనికిరాదు. ‘కొత్త స్టేడియం బదులు టీచర్లకి ఇవ్వొచ్చుగా’ అన్న వాదనకి జవాబు అదే, ఇవ్వలేరు. 2019 చట్టం తర్వాత స్కూల్ బాండ్ ప్రశ్న మీద ‘ఇది ప్రాపర్టీ టాక్స్ పెంపు’ అని పెద్ద అక్షరాల్లో రాయాల్సిందే, రేటు నిజంగా పెరగకపోయినా. కాబట్టి ఆ వాక్యం చూసి బెదరకుండా, దాని కోసమే ఓటు మార్చుకోకుండా, డిస్ట్రిక్టు ఇచ్చే రేటు లెక్క చూడండి. మనవాళ్ళు ఎక్కువగా ఉన్న ఫ్రిస్కోలో 2024 నవంబరులో వాట్రీతో పాటు బాండ్ ప్రశ్నలు కలిపి నాలుగు పెడితే నాలుగూ ఓడిపోయాయి.

వాషింగ్టన్‌లో, అంటే రెడ్‌మండ్, బెల్‌వ్యూ, సమామిష్ వైపు, స్కూల్ లెవీకి, అంటే కొన్నేళ్ళకని వేసే ప్రాపర్టీ టాక్స్‌కి, 2007 నుంచి సగం పైచిలుకు చాలు. బాండ్‌కి 60 శాతం కావాలి, పైగా గత సాధారణ ఎన్నికలో ఓటేసిన వాళ్ళలో కనీసం 40 శాతం మంది ఈసారి ఓటెయ్యాలి. ఫిబ్రవరిలో, ఏప్రిల్లో వచ్చే చిన్న ఎన్నికల్ని చెత్తబుట్టలో పడెయ్యకండి, లెవీలు ఎక్కువగా అప్పుడే వస్తాయి.

ఒహాయోలో అంతా మిల్లుల భాష. లైబ్రరీకి, మానసిక ఆరోగ్య సేవలకి, వృద్ధుల సేవలకి కూడా లెవీలు పెడతారు. పన్ను పడే విలువలో వెయ్యికి ఒక డాలరు ఒక మిల్లు. పన్ను పడేది మార్కెట్ విలువలో 35 శాతం మీదే కాబట్టి, లక్ష డాలర్ల ఇంటికి కొత్త మిల్లు ఒక్కోదానికి 35 డాలర్లు.

10. పాసయ్యాక

కాలిఫోర్నియాలో ఎన్నిక రాత్రి చూసిన అంకె మీద పందెం కాయొద్దు. లెక్కింపు వారాలు సాగుతుంది. 66.67 గీతకి అటూ ఇటూ ఊగే మెజర్ మూడో వారంలో అటు నుంచి ఇటు పడొచ్చు.

తర్వాతి అక్టోబరు బిల్లులో కొత్త గీత వచ్చిందేమో చూడండి. అంకె బ్యాలెట్‌లో చెప్పినదానితో కలవకపోతే పక్కనున్న నంబరుకి ఫోన్ చేయండి. మా బిల్లులో ఒక గీత గురించి అలా అడిగితే, అవతలామె ఓపిగ్గా ఏ ఏడాది ఏ మెజర్ అన్నది పేజీ నంబరుతో సహా చెప్పింది.

స్కూల్ బాండ్ అయితే పర్యవేక్షణ కమిటీలో చేరొచ్చు. ప్రాప్ 39కి తోడుగా వచ్చిన చట్టం ప్రకారం కనీసం ఏడుగురు ఉండాలి: ఒక తల్లి లేదా తండ్రి, పీటీఏలో (తల్లిదండ్రులు, టీచర్ల సంఘం) పనిచేసే ఇంకో పేరెంట్, ఒక వ్యాపారి, పెద్దవాళ్ళ సంఘం నుంచి ఒకరు, పన్ను చెల్లింపుదారుల సంఘం నుంచి ఒకరు, మిగతా సీట్లు ఊళ్ళో ఎవరికైనా. జీతం లేదు. డిస్ట్రిక్టులో ఉద్యోగులు, దానితో కాంట్రాక్టులున్న వాళ్ళు పనికిరారు. మొన్న నేను వెళ్ళిన కమిటీ మీటింగులో సభ్యులు కాని ప్రేక్షకుణ్ణి నేనొక్కణ్ణే. ఒక స్కూలు కప్పు మరమ్మత్తు ఖర్చు అంచనాని ఎందుకు దాటిందని అడిగాను. లెక్కల మనిషి ఫైలు తిరగేసి, వచ్చే మీటింగుకి చెప్తానని రాసుకున్నాడు.